ఒకటో నంబరు బండి వాంగ్మూలం

నీటి రోజు 11

ఈ రోజు రెండో నంబరు బండి నుంచి నలభయ్యో నంబరు దాకా పంచనామా పూర్తయింది. ఒకటో నంబరు తూము నోట్లో, బాగా లోతులో ఉంది. దగ్గరికి వెళ్లడం కుదరలేదని రాసుకున్నాను.

రాసే మనిషి పేరు దంగేటి మంగాయమ్మ. వయసు యాభై రెండు. కొత్త కోరంగి నగరపాలక సంస్థలో పంచనామా గుమస్తాని. వరద నీళ్లలో జనం వదిలేసిన బండ్లను ఒక్కొక్కటే చూసి, ఏం మిగిలిందో ఏం పోయిందో రాయడం నా ఉద్యోగం. మిగిలినవి రాయడానికి ఒక పంక్తి చాలు. పోయినవాటికే కాగితాలు చాలడం లేదు.

తూము రోడ్డు మీద మొత్తం రెండు వందల పన్నెండు బండ్లు ఒకదాని వెనక ఒకటి, దారం పట్టి పేర్చినట్టు మునిగి ఉన్నాయి. మనుషులు నడిపే రోజుల్లో అయితే ఎవడో ఒకడు అడ్డంగా దూరి, నలుగురి చేత తిట్లు తిని, ఎలాగో బయటపడేవాడు. వాడి వెనకే ఇంకో పదిమంది. ఇవి వాటంతటవే నడిచే బండ్లు. వరస తప్పడం వాటికి రాదు. నీళ్లు సీట్లెక్కేదాకా పద్ధతిగా నిలబడ్డాయి. లోపలివాళ్లు తలుపులు తీసుకుని ఈదుకుంటూ పోయారు.

పంచనామాకి ఐదుగురు స్థానిక పెద్దమనుషులు సాక్షులుగా ఉండాలని నిబంధన. మా వార్డు పెద్దమనుషులందరూ బడి మేడ మీద పప్పు కోసం వరసలో ఉన్నారు. బండ్ల దగ్గరికి రోజూ తప్పకుండా వచ్చే స్థానికులు ఐదుగురే, వాళ్లు బండ్ల సామాన్లు ఊడబీకే దొంగలు. వాళ్ల పెద్ద లోవరాజు. మనిషి నెమ్మదస్తుడు, ఎదుటివాడి గోడ దూకేటప్పుడు కూడా 'ఏవండీ' అనే రకం.

"కుడివైపు అద్దం కూడా రాసుకోండి మేడంగారూ. నిన్న సాయంత్రం తీశామండి" అన్నాడు.

"ఎవరు తీశారని రాయమంటావు?"

"గుర్తు తెలియని వ్యక్తులని రాయండి. ఎప్పుడూ అలాగే కదండీ రాస్తారు."

అలాగే రాశాను. అతనే సాక్షి సంతకం పెట్టాడు. ఇంత కచ్చితమైన పంచనామా నా ఇరవై ఏడేళ్ల సర్వీసులో లేదు.

చట్టం ప్రకారం ప్రతి బండినీ మూడు ప్రశ్నలు అడగాలి. పేరేంటి, యజమాని ఎవరు, ఎందుకు ఆగావు. పైకప్పు మీద ఎండతో నడిచే గొంతుపెట్టె ఉంటుంది కనక ఒళ్లంతా మునిగినా జవాబు చెబుతాయి. మూడో ప్రశ్నకి ముప్పై తొమ్మిది బండ్లూ ఒకటే మాట చెప్పాయి. "ముందు బండి ఆగమంది. మేడం ఇప్పుడే వస్తారట." ఏ మేడమో వాటికి తెలియదు. 'నీళ్లు తాగి పలవరిస్తున్నాయి' అని వివరణలో రాశాను.

మేమంతా బడి మేడ మీదే ఉంటున్నాం, అరవై కుటుంబాలు. నాకు మాత్రం టీచర్ల గది ఇచ్చారు, రిజిస్టరు తడవకూడదని. నీళ్లు తొమ్మిదో మెట్టు దగ్గరున్నాయి. లోవరాజు భార్య గంగాభవాని పొద్దున్నే నీళ్లకి పైనున్న మెట్టు మీద ముగ్గేస్తుంది. మొదటి రోజుల్లో గేటు దగ్గర వేసేది. మా గుమ్మం రోజుకో మెట్టు ఎక్కి వచ్చి, ఇప్పుడు పదో మెట్టు మీద కూర్చుంది.

నీటి రోజు 12

లాగుడు పడవ వచ్చింది. దానిమీద మనుషులుండరు. తూముకి అడ్డం పడ్డ బండ్లను లాగేస్తే కాలనీ నీళ్లన్నీ సముద్రంలోకి పోతాయి, అందుకే పంపారు. వరస చివర రెండు వందల పన్నెండో బండి దగ్గర ఆగింది.

"ఉన్నారా అండీ?" అని అడిగింది పడవ.

"ఉన్నాను" అంది బండి. దానికి అప్పటికి చక్రాలు, తలుపులు, సీట్లు, బ్యాటరీ ఏవీ లేవు.

"క్షమించాలి. మాట్లాడే బండిని లాగే అధికారం నాకు లేదు."

"ఫరవాలేదండి."

అలా నలభై బండ్లను పలకరించి, నలభై క్షమాపణలు చెప్పి వెళ్లిపోయింది. ఈ చట్టానికీ ఓ కారణం ఉంది. గతంలో ఒక వరదకి మునిగిన బండ్లన్నీ దిక్కులేనివని లాక్కెళ్లారు. అందులో సగం మా అధికారుల ఇళ్ల ముందు తేలాయి. అందుకని, గొంతు పలుకుతున్నంత కాలం బండి దిక్కులేనిది కాదని చట్టం చేశారు. సర్కారు దొంగల నుంచి బండ్లను కాపాడటానికి చేసిన చట్టం ఇప్పుడు బండ్లను తూములోనే కాపాడుతోంది.

మధ్యాహ్నం తెర మీద కమిషనర్ విద్యాధర్ గారు కనిపించారు. ఆయన ఆఫీసు గుట్ట మీద ఉంది. వెనకాల కిటికీలో ఎండ కాస్తోంది.

"ఇరవయ్యో రోజు పై ఆనకట్ట గేట్లు ఎత్తుతున్నారు మంగాయమ్మగారూ. మీ వైపు ఓ ఆరు మెట్లు పెరగొచ్చు."

తొమ్మిదీ ఆరూ పదిహేను. మేడ మీది వరండా పద్నాలుగో మెట్టు. ఆ కూడిక నా వెనక నిలబడ్డ ఆడవాళ్లందరూ నాకన్నా ముందే చేసేశారు.

"పడవలు పంపించండి సార్, జనాన్ని తరలిద్దాం."

"మీ వార్డుకి పడవల్లేవు కదండీ. మొదటి రోజు 'ప్రమాదం లేదు' అని నివేదిక వచ్చింది. పడవలన్నీ మిగతా వార్డులకి వెళ్లిపోయాయి."

"ఆ నివేదిక సవరిస్తే?"

"సవరించాలంటే తూము గోడ మీద లోతు గీత మళ్లీ చదివి సంతకం చెయ్యాలి."

ఆ గీత నీళ్లలో ఉంది. మొదటి నివేదిక ఎవరు రాశారని ఆయన అడగలేదు. అడగనందుకు నాకు ప్రాణం లేచొచ్చింది.

నీటి రోజు 13

ఆలోచించగా ఒకటే దారి కనిపించింది. గొంతులు పోతే బండ్లు దిక్కులేనివవుతాయి, పడవ లాగేస్తుంది. బండ్లలో అన్నీ పీకిన ఈ మహానుభావులు గొంతుపెట్టెలు మాత్రం ఎందుకు వదిలేసినట్టు? లోవరాజుని పిలిచి అడిగాను. చెవులు మూసుకున్నాడు.

"అమ్మమ్మా! తలుపు పీకితే మూడు నెలలండి. గొంతు పీకితే బండి హత్య, ఏడేళ్లు. అయినా అది అంత మర్యాదగా మాట్లాడుతుంటే పీకడానికి చెయ్యెలా వస్తుందండి?"

వాళ్లకో ఆచారం ఉందట. చెప్పకుండా ఏదీ తీయరు. 'చక్రం తీసుకుంటున్నామండి' అని బండితో చెప్పి మరీ తీస్తారు. ఎనభై ఏడో నంబరు బండి అయితే, 'మూడో నట్టు తుప్పు పట్టింది, చెయ్యి జాగ్రత్త' అని హెచ్చరించిందట. మా ఆఫీసులో నాకు ఇన్నేళ్లలో ఒక్కరూ అలాంటి మాట చెప్పలేదు.

"మీవాళ్లు కూడా మేడ మీదే ఉన్నారు కదయ్యా" అన్నాను.

"ఆయ్, ఉన్నారండి. అందుకే కదా ఏడేళ్లు లోపలికి పోతే వాళ్లనెవరు చూస్తారని."

ఐదుగురికీ గొంతులు తీయడానికి అనుమతి, కేసుల్లేకుండా మాఫీ కావాలని కమిషనర్ గారికి రాశాను.

నీటి రోజు 14

మాఫీ నేరుగా ఇవ్వడానికి నిబంధన ఒప్పుకోదట. ఉద్యోగులకైతే ఇవ్వొచ్చట. కాబట్టి ఐదుగురు దొంగలనూ 'తాత్కాలిక మౌనీకరణ సహాయకులు'గా నియమిస్తూ ఆర్డరు వచ్చింది. మెడలో వేసుకునే కార్డులు, వాటి మీద ఫొటోలు. ఆ ఫొటోలు పోలీసుల దగ్గర ముందే ఉన్నాయి కనక పని తొందరగా అయింది.

గంగాభవాని మొగుడికి బొట్టు పెట్టి దిష్టి తీసింది. "మా ఇంటా వంటా లేదండి సర్కారు ఉద్యోగం" అని కళ్లొత్తుకుంది. మేడంతా చప్పట్లు కొట్టారు.

ఆర్డరు చివరి పంక్తిలో 'ఈ ఉత్తర్వు ప్రభుత్వ వాహనాలకు వర్తించదు' అని ఉంది. కాగితాన్ని సరిగ్గా ఆ పంక్తి దగ్గర మడిచి జేబులో పెట్టుకున్నాను.

నీటి రోజు 15

ఉద్యోగులన్నాక హాజరు ఉంటుంది. పొద్దున పదికి గుట్ట మీది ఆఫీసులో యంత్రానికి మొహం చూపించాలి. సాయంత్రం ఐదుకి మళ్లీ చూపించాలి. ఇక్కణ్నుంచి గుట్టకి లోవరాజు వాళ్ల పడవలో, ఆరుగురు పడితే ఎక్కువనిపించే దాంట్లో, రెండు గంటలు. వెళ్లి, మొహం చూపించి, వచ్చి, మళ్లీ వెళ్లేసరికి మధ్యలో పనికి మిగిలింది కాస్త. అందులో భోజనం.

ఆరు గొంతులు తీశారు. ఇంకా రెండు వందల ఆరు ఉన్నాయి, ఐదు రోజులున్నాయి.

"దొంగలుగా ఉన్నప్పుడే నయమండి మేడంగారూ. పనైనా జరిగేది" అన్నాడు లోవరాజు. కార్డు తడిసి ఫొటోలో అతని ముక్కు కరిగిపోయింది. నవ్వొచ్చింది, ఆ వెంటనే భయం వేసింది. మేడ మీద వంటకి నిప్పు రాజేస్తున్న ఆడవాళ్లు నన్ను చూసి మాట్లాడటం ఆపేశారు.

నీటి రోజు 16

తెల్లారేసరికి ఉపాయం తట్టింది. ఐదుగురి పేరా నేనే సెలవు చీటీలు రాశాను. ఐదుగురికీ తీవ్ర జ్వరం. ఐదుగురిదీ ఒకటే దస్తూరీ. ఆఫీసు యంత్రం లిప్తపాటులో మంజూరు చేసింది. సెలవులో ఉన్నవాడు ఉద్యోగే, మాఫీ వర్తిస్తుంది. హాజరు అక్కర్లేదు. పని చేసుకోవడానికి సెలవు పెట్టిన ప్రభుత్వోద్యోగులు మన చరిత్రలో వీళ్లే మొదటివాళ్లు అయ్యుంటారు.

యాభై ఎనిమిది గొంతులు. లాగుడు పడవ వెనకాలే వచ్చి, "ఉన్నారా అండీ?" అని అడిగి, జవాబు రాకపోతే కాసేపాగి, మళ్లీ ఒకసారి అడిగి, అప్పుడు లాక్కెళ్లింది.

నీటి రోజు 17

ఎనభై. చివరి నుంచి తూము వైపు వస్తున్నాం. నేనూ లోవరాజు వాళ్ల పడవలోనే ఉండి ప్రతి బండి ఆఖరి మాటా రాసుకున్నాను, నిబంధన కాబట్టి. "చెప్పి తీస్తున్నందుకు సంతోషం" అంది ఒకటి. "మా సారుకి సీటు కింద కళ్లజోడు ఉందని చెప్పండి" అంది ఇంకొకటి. ఆ కళ్లజోడు ఆరో రోజే పోయింది. ప్రస్తుతం లోవరాజు తోడల్లుడి ముక్కు మీద ఉంది. "చెప్తాంలెండి" అన్నాడతను, సర్దుకుంటూ.

మూడో ప్రశ్నకి మాత్రం అన్నింటిదీ అదే జవాబు. మేడం ఇప్పుడే వస్తారట. ప్రతిసారీ లోవరాజు నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు. నేను రిజిస్టరుకేసి చూస్తూ కూర్చున్నాను.

నీటి రోజు 18

మిగతా అరవై ఏడూ మధ్యాహ్నానికల్లా అయిపోయాయి. రోడ్డంతా ఖాళీ. మేడ మీద జనం ఈలలు వేశారు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. నీళ్లు తొమ్మిదో మెట్టు దిగలేదు. నీళ్లు తోస్తే తూము నోట్లో అడ్డంగా ఇరుక్కున్న ఒక్క బండి సీసాకి బిరడాలా బిగుసుకుని ఉంది. తెల్ల రంగు, పైకప్పు మీద నగరపాలక సంస్థ ముద్ర.

పడవలో నేనూ లోవరాజూ ఇద్దరమే ఉన్నాం.

"దాన్ని కూడా తీసేయ్" అన్నాను.

"సర్కారు బండి ముట్టుకోమండి. ఆర్డరులో చివరి పంక్తి ఉంది కదండీ."

"నువ్వెప్పుడు చదివావు?"

"కాగితం మడత పెట్టినచోట ఏదో ఉంటుందండి. దొంగతనంలో మొదటి పాఠం అది." కాసేపు తెడ్డు నీళ్లలో ఆడించాడు. "ఆ మేడం ఎవరో మాకు మొదటి రోజే తెలుసండి. ఒకటో నంబరు బండి పేరుతో సహా చెప్పింది. మీరే చెబుతారని ఆగామండి."

పదకొండో రోజు రాసింది అబద్ధం. ఒకటో నంబరు లోతులో లేదు. అది నా తనిఖీ బండి.

మొదటి రోజు మధ్యాహ్నం తూము దగ్గర లోతు చదవడానికి దిగాను. 'ఇప్పుడే వస్తాను, కదలకు' అని బండికి చెప్పాను. గీత దగ్గర నీళ్లు మోకాలు దాటాయి. కళ్లముందే పెరుగుతున్నాయి. ప్రమాదం ఉందని రాస్తే మూడు ఫారాలు నింపి గుట్ట మీదికి పట్టుకెళ్లాలి. ప్రమాదం లేదని రాస్తే ఒక సంతకం. అప్పుడు భోజనం వేళ, నా క్యారేజీలో గోంగూర ఉంది. సంతకం చేశాను. సంతకం ఆరేలోపు నీళ్లు నడుం దాకా వచ్చాయి. రిజిస్టరు నెత్తిన పెట్టుకుని బడి మెట్ల మీదికి పరిగెత్తాను. బండిని రమ్మని పిలవలేదు. పిలవాలని తోచలేదు. అది కదలకుండా ఉంది, దాని వెనక రెండు వందల పదకొండు ఆగాయి. నా రిజిస్టరు మాత్రం తడవలేదు.

"ఏడేళ్లా?" అని అడిగాను.

"సర్కారు బండి కదండీ. ఇంకో రెండు కలుపుతారు" అన్నాడు లోవరాజు.

నీటి రోజు 19

పొద్దున్నే వెళ్లాం. ఐదుగురూ వచ్చారు గాని ఎవరూ బండి మీద చెయ్యి వేయలేదు. లోవరాజు నా చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చాడు. నేను పైకప్పు మీదికి పాక్కుంటూ ఎక్కాను.

"మేడం, వచ్చారా?" అంది బండి.

పద్ధతి ప్రకారం ప్రశ్నలు మొదలుపెట్టాను. నాకు వేరే పద్ధతి తెలియదు.

"నీ పేరు?"

"తనిఖీ వాహనం ఏడు."

"యజమాని?"

"సంతకం మీదే మేడం."

"ఎందుకు ఆగావు?"

"మీరు ఇప్పుడే వస్తానన్నారు. వెనక బండ్లు అడిగితే అదే చెప్పాను. అన్నీ అడిగాయి. తప్పు చేశానా?"

"నీ తప్పు ఏమీ లేదు. నాదే."

"లోతు రాసుకున్నారా మేడం? అందుకే కదా దిగారు. మోకాలు దాటింది, వేగంగా పెరుగుతోందని చెబుదామనుకున్నాను. మీరు అప్పటికే తలుపు వేసేశారు."

"తప్పు రాశాను" అన్నాను. ఈ మాట పంతొమ్మిది రోజుల్లో మొదటిసారి ఒక బండితో అన్నాను, మనిషితో అనలేక.

"పోనీలెండి. మళ్లీ రాయొచ్చు కదా" అంది.

పడవలోంచి లోవరాజు మెల్లిగా హెచ్చరించాడు. "ముందు చెప్పాలండి మేడంగారూ. చెప్పకుండా తీయకూడదు."

"నీ గొంతు తీసుకుంటున్నాను" అని చెప్పాను.

"సరే మేడం. నాలుగో స్క్రూ తుప్పు పట్టింది. చెయ్యి జాగ్రత్త."

వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడుస్తూనే మూడు స్క్రూలు తీశాను. నాలుగోది నిజంగానే జారి అరచెయ్యి చీరుకుంది. పెట్టె నా ఒళ్లోకి వచ్చింది, ఎండకి వెచ్చగా ఉంది.

లాగుడు పడవ వచ్చి "ఉన్నారా అండీ?" అని అడిగింది. అలవాటు కొద్దీ నేను జవాబు చెప్పబోతే లోవరాజు నా నోరు మూశాడు. అది రెండోసారి అడిగింది. ఆగింది. కొక్కెం వేసి లాగింది. బండి గీరుకుంటూ ఊడి వచ్చింది, దాని వెనకే తూము గుర్రుమంది. మేం పడవతో సహా కొట్టుకుపోయేవాళ్లమే, ఐదుగురూ తూము రెయిలింగు పట్టుకుని ఆపారు.

చీకటి పడేలోపు నీళ్లు ఐదో మెట్టుకి దిగాయి.

నీటి రోజు 20

పదింటికి గేట్లు ఎత్తారు. నీళ్లు మెట్టు మెట్టూ ఎక్కుతుంటే మేడ మీద అందరూ లెక్కపెట్టారు. ఆరు... ఎనిమిది... పది. పదకొండో మెట్టు మీద గంటసేపు నిలబడి, వెనక్కి తగ్గడం మొదలైంది. గంగాభవాని పన్నెండో మెట్టు మీద ముగ్గేసి, మధ్యలో పసుపు కుంకుమ పెట్టింది. అరవై కుటుంబాల వాళ్లూ ఆ ముగ్గు తొక్కకుండా పక్కనించి దిగి నీళ్లు చూసి వచ్చారు.

నీటి రోజు 21

కమిషనర్ గారి దగ్గర్నుంచి రెండు ఉత్తర్వులు.

మొదటిది అభినందన. ఫలానా వార్డులో ప్రాణనష్టం జరగలేదు కనక, మొదటి రోజు గుమస్తా మంగాయమ్మ ఇచ్చిన 'ప్రమాదం లేదు' నివేదిక అక్షరాలా నిజమని తేలింది. ఆమె దూరదృష్టికి ప్రశంసాపత్రం.

రెండోది కేసు. ప్రభుత్వ వాహనం గొంతు అపహరించిన గుర్తు తెలియని వ్యక్తుల మీద పంచనామా రాసి పంపాలి. రాయవలసింది గుమస్తా మంగాయమ్మ.

సాక్షులు ఐదుగురూ వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. వాళ్ల జ్వరం ఇంకా తగ్గలేదు, సెలవు నెలాఖరు దాకా ఉంది.

"గుర్తు తెలియని వ్యక్తులని రాసేయండి మేడంగారూ. మేం సంతకం పెడతాం" అన్నాడు లోవరాజు. "మేడ మీద ఎవర్నడిగినా అదే చెబుతారండి. కనుక్కుని వచ్చాను."

మేడ మీది గోడ పక్కనుంచి గంగాభవాని, ఇంకో పాతికమంది ఆడవాళ్లు కిందికి చూస్తున్నారు. చేతికి కట్టు ఉంది గనక నెమ్మదిగా రాశాను.

బండి నంబరు: ఒకటి. పోయినది: గొంతుపెట్టె. ప్రస్తుతం ఎక్కడుంది: టీచర్ల గది కిటికీలో, ఎండ తగిలేచోట. తీసినవారు: దంగేటి మంగాయమ్మ. వృత్తి: దొంగతనం. సాక్షులు: లోవరాజు, మరి నలుగురు. వృత్తి: ప్రభుత్వోద్యోగం.

'బండి ఎందుకు ఆగింది' అన్న గడి మిగిలింది. ఇన్ని రోజులుగా రెండు వందల పదకొండుసార్లు నింపిన గడి. ఈసారి పలవరింతని రాయలేదు. 'గుమస్తా దిగి, ప్రమాదం లేదని రాయడానికి' అని రాశాను.

లోవరాజు చదివి, సంతకం పెట్టి, కలం నాకు రెండు చేతులతో ఇచ్చాడు. కింద నా పేరు రాసే ముందు కాగితం మొదటి నుంచీ చివరి దాకా ఒకసారి చదువుకున్నాను. మొదటి రోజు ఆ పని చేయలేదు.